ఎవరూ మింగని మాత్ర

పద్మజ గదిలోకి వస్తూనే చెత్తబుట్ట ముందు చతికిలబడింది.

"ఆంటీ, ముందు డాక్టర్ మార్ష్‌ని కలుద్దామా?" అంది ప్రణీత గుమ్మంలోనే నిలబడి. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల ముక్కు కందిపోయి ఉంది.

"డాక్టరు ఎక్కడికీ పోదు. చెత్త పోతుంది," అంది పద్మజ గ్లవ్స్ తొడుక్కుంటూ. "నువ్వు మొదట్నుంచీ చెప్పు. ఏడుపు తరవాత."

న్యూజెర్సీలో ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు సంపాదించాక పద్మజకి వచ్చిన కేసుల్లో ముప్పాతిక వంతు పెళ్ళిసంబంధాలే. పోయిన ఏడాది ప్రణీతకి వచ్చిన బంగారంలాంటి సంబంధాన్ని తవ్వి చూసి, ఆ బంగారానికి డాలస్‌లో ముందే ఒక భార్య ఉందని తేల్చింది ఆవిడే. ఎమ్మెస్ పూర్తిచేసి పిస్కాటవే పక్కన ఈ మేపుల్ రన్ క్యాన్సర్ సెంటర్‌లో స్టడీ కోఆర్డినేటర్‌గా చేరిన ఆ పిల్ల, కాళ్ళ కింద నేల కదలగానే లాయర్‌కి కాకుండా పద్మజ ఆంటీకి ఫోన్ చేయడంలో వింతేమీ లేదు. ఇడ్లీపిండి సగం రుబ్బిన గ్రైండర్ అలాగే కట్టేసి వచ్చింది పద్మజ. కేసు సాయంత్రందాకా సాగితే రేపటి టిఫిను గతేమిటన్న దిగులు ఆవిడకి ఉండనే ఉంది.

"ఆ పుట్టగొడుగుల సంగతి మళ్ళీ చెప్పు. ఈసారి నేను నమ్మేటట్టు చెప్పు."

"క్యాన్సర్ ముదిరి, ఇంక ట్రీట్‌మెంట్ లేదన్నవాళ్ళకి ఇస్తాం ఆంటీ. జబ్బు తగ్గడానికి కాదు, భయం తగ్గడానికి. సైలోసైబిన్ అని, ఒకరకం పుట్టగొడుగుల్లో ఉండే పదార్థం. అది వేసుకుని, కళ్ళకి గంతలు కట్టుకుని, మ్యూజిక్ వింటూ సాయంత్రందాకా ఆ సోఫాలో పడుకుంటారు. పక్కన డాక్టర్ మార్ష్, నేను ఉంటాం. ఏవేవో కనిపిస్తాయి. కొందరు ఏడుస్తారు, కొందరు నవ్వుతారు. కానీ లేచాక..." ప్రణీత ముక్కు తుడుచుకుంది. "స్కూల్ బస్ డ్రైవర్ ఒకాయన వచ్చేవాడు. అంతకుముందు పడుకునేటప్పుడు లైటు ఆర్పనిచ్చేవాడు కాదట. సెషన్ అయ్యాక ఏమన్నాడో తెలుసా? 'చావు ఇంకా మా ఇంట్లోనే ఉంది. కానీ ఇదివరకట్లా హాలంతా ఆక్రమించుకుని లేదు. ఓ మూల కుర్చీలో కూర్చుంది' అన్నాడు. బతికినన్నాళ్ళూ హాయిగా చేపలు పట్టుకున్నాడు."

పద్మజ చెత్త కెలకడం ఆపి ఒక్క క్షణం ఆ మాట విన్నది.

"ఇవాళ్టి పేషెంటు?"

"రాజేశ్వరమ్మగారు. మహా అయితే రెండు నెలలు, ఆంటీ. ఆవిడ అసలు నిద్రపోరు. నిద్రపోతే మళ్ళీ లేవనేమోనని. ఈ సెషన్ కోసం ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉన్నారు."

ఒక్కొక్క రోగికి రెండు సెషన్లు, రెండు సీసాలు అని చెప్పుకొచ్చింది ప్రణీత. ఒకదాంట్లో అసలు మందు. ఇంకోదాంట్లో ఉత్తుత్తి మందు; అదొక విటమిన్, ఒళ్ళు కాస్త చురుక్కుమనిపించి ఊరుకుంటుంది. ఏది ముందో ఏది వెనకో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. కింద ఫార్మసీలో కూర్చున్న ఒక్క మనిషికి తెలుసు.

"తొమ్మిదింటికి క్యాప్సూల్ తెచ్చి ఆ టేబుల్ మీద పింగాణీ గిన్నెలో పెట్టాను. అంతలో ఆ అమ్మమ్మగారు బాత్‌రూమ్ అన్నారు. వీల్‌చెయిర్‌లో నేనే తీసుకెళ్ళాను. గిన్నె వదిలి వెళ్ళకూడదు, తెలుసు. తిరిగొచ్చేసరికి ఖాళీ."

"గదిలో ఎవరున్నారు?"

"తాతగారే. ఆవిడ భర్త హనుమయ్యగారు. పాపం ఆ మూల కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నారు. ఏమీ చూడలేదన్నారు."

పద్మజ చేతికి ఒక టిష్యూ పొట్లం తగిలింది. నలిపి పారేసింది కాదు; నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ ఇంకో టిష్యూలో చుట్టింది. విప్పింది. లోపల క్యాప్సూల్ తాలూకు రెండు డొల్లలు. పొడి రవ్వంత కూడా లేదు.

"ఇంక సందేహం దేనికి?" అన్న మాట వెనకనుంచి ఇంగ్లీషులో వినిపించింది.

శేషగిరి. ఈ సెంటర్లో రూల్స్ సక్రమంగా అమలవుతున్నాయో లేదో చూసే అధికారి. పుట్టింది బాపట్లలో. అమెరికాలో దిగిన మర్నాడే తెలుగు మర్చిపోయానని అందరికీ చెబుతాడు. పేరు కూడా 'షెష్' అని కత్తిరించుకున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, మచ్చలేని పసుపుపచ్చ టై, అంతకంటే గట్టిగా ఇస్త్రీ చేసిన మొహం.

"మందు పోయింది, డొల్ల మిగిలింది. గిన్నె దగ్గరికి వెళ్ళింది ఈ అమ్మాయి ఒక్కతే. ఇది పెళ్ళిచూపులు కాదు మిసెస్ పద్మజా, మీరు దయచేయొచ్చు."

"కాదని తెలుస్తూనే ఉంది. పెళ్ళిచూపులైతే ఈపాటికి కాఫీ ఇచ్చేవాళ్ళు," అంది పద్మజ లేస్తూ. "ఒక్కమాట చెప్పండి. దొంగ అరటిపండు ఎత్తుకుపోవాలంటే, అక్కడే కూర్చుని తొక్క ఒలిచి, ఆ తొక్కని పొట్లం కట్టి బుట్టలో వేసి మరీ పోతాడా?"

"దొంగల అలవాట్లు నాకు తెలీవు."

"నాకు తెలుసు. మాత్ర చిన్నది, జేబులో పడుతుంది. విప్పాల్సిన పని లేదు. ఇది తీసినవాళ్ళకి మందు కావాలి, డొల్ల అక్కర్లేదు."

"ఆ తర్కం మత్తుమందుల లెక్క చూసే ఫెడరల్ ఆఫీసువాళ్ళకి చెప్పండి. పన్నెండింటికి ఫోన్ చేస్తున్నాను. చేసిన మరుక్షణం స్టడీకి తాళం. ఎంక్వైరీ తేలడానికి ఆర్నెల్లయినా పడుతుంది."

"రాజేశ్వరమ్మగారికి ఆర్నెల్లు లేవు."

"రూల్‌కి ఆ సంగతి తెలీదు."

"పోయింది ఉత్తుత్తి మందేనేమో. ఫార్మసీలో అడిగితే తేలిపోతుందిగా?"

శేషగిరి మొదటిసారి నవ్వాడు. "ఆ రహస్యం విప్పించడానికి ఒక్కటే దారి. మాత్ర మింగినవాళ్ళ ప్రాణానికి ఇబ్బంది రావాలి. అప్పుడే ఫార్మసిస్టు నోరు విప్పుతాడు. ఇక్కడ ఎవరూ మింగలేదు. మింగని మాత్రకి రూల్ లేదు."

"ఈ గదిలో ఉన్న వాళ్ళ సామాను ఏది?"

"నా కస్టడీలో. ముసలాయన సంచీ, శాలువా, ఫ్లాస్కు, అన్నీ నా ఆఫీసులో ఉన్నాయి. నేనే స్వయంగా తనిఖీ చేస్తాను. మీరు ముట్టుకోడానికి వీల్లేదు."

టై సవరించుకుని వెళ్ళిపోయాడు. 'స్వయంగా' అన్న మాట మీద ఆయన పెట్టిన బరువుకి ప్రణీత మళ్ళీ ఏడుపందుకోబోయింది.

"ఆగు," అంది పద్మజ. "ఈ గదిలో చేతులు ఎవరు కడుక్కున్నారు?"

గది మూల చిన్న వాష్‌బేసిన్. దాని పక్కన సబ్బుబిళ్ళ అంచుల్లో ఇంకా చెమ్మగానే ఉంది. బేసిన్ చుట్టూ నీళ్ళు చిమ్మి ఉన్నాయి, మోచేతులదాకా కడుక్కున్నట్టు.

"నేను శానిటైజర్ వాడతానాంటీ. డాక్టర్ కూడా అంతే. అమ్మమ్మగారు బయట బాత్‌రూమ్‌లో..."

"దొంగతనం చేసినవాళ్ళు వేలిముద్రలు తుడుస్తారు. మైల పడ్డట్టు చేతులు కడుక్కోరు." టేబుల్ మీదకి వంగి చూసింది. గిన్నె పక్కన గుండ్రంగా తడి ఆరిన గుర్తు, దాన్ని ఆనుకుని ఒక తెల్లటి చుక్క. గోటితో గీకి వాసన చూసింది. పుల్లటి వాసన.

పద్మజకి ఎందుకో చప్పున అత్తగారు గుర్తొచ్చారు. అత్తగారు గుర్తొస్తే ఆవిడకి తలనొప్పి రావడం మామూలు. ఈసారి మాత్రం తలలో దీపం వెలిగింది.

వెయిటింగ్ రూమ్‌కి పోతూంటే కారిడార్‌లో శేషగిరి మళ్ళీ ఎదురయ్యాడు. రుమాలుతో పెదవులు అద్దుకుంటున్నాడు. మొహంలో ఎందుకో ఇస్త్రీ కాస్త సడలింది.

"తనిఖీ అయిందా?"

"అనుమానించదగింది ఏమీ లేదు," అన్నాడు హుందాగా. పసుపుపచ్చ టై మీద చిన్న ఆకుపచ్చ మరక ఒకటి అంటుకుని ఉంది. పద్మజ దాన్ని చూసింది, కానీ ఆ క్షణంలో ఆవిడ బుర్ర ఇంకోచోట ఉంది.

వెయిటింగ్ రూమ్‌లో కిటికీ పక్కన వీల్‌చెయిర్‌లో రాజేశ్వరమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రకాదు; రెప్పలు అదురుతున్నాయి. పక్కనే హనుమయ్య, గుంతకల్లులో రైల్వే గార్డుగా రిటైరైన పెద్దమనిషి, తులసిపూసల మాల తిప్పుతున్నాడు. పూసలు మరీ తొందరగా తిరుగుతున్నాయి.

పద్మజ ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"బాబాయ్‌గారూ, మా అత్తగారు శుద్ధ శాకాహారి. మైసూర్‌పాకులో గుడ్డు ఉంటుందేమోనని కూడా అనుమానించే మనిషి. ఇక్కడికి వచ్చాక డాక్టరు ఏవో విటమిన్ మాత్రలు రాశాడు. ఆ మాత్రల పైతొక్క జెలటిన్‌తో చేస్తారని, అది గొడ్ల ఎముకల్లోంచి తీస్తారని ఎవరో మహానుభావుడు ఆవిడ చెవిన వేశాడు. నెల్లాళ్ళు నా చేతి నీళ్ళు తాగలేదు. అప్పట్నుంచీ మాత్ర విప్పి, తొక్క పారేసి, పొడి పెరుగులో కలిపి పెట్టేదాన్ని. పారేశాక చేతులు సబ్బుతో కడుక్కుంటేగానీ ఆవిడ ఒప్పుకునేది కాదు."

పూసలు ఆగాయి.

"మీరు దేంట్లో కలిపారు?" అని అడిగింది పద్మజ, ఉప్పు ఎక్కడ పెట్టారని అడిగినంత మామూలుగా.

హనుమయ్య మాలని గుప్పిట్లో ముడిచాడు. "మజ్జిగలోనమ్మా."

రాజేశ్వరమ్మ కళ్ళు తెరిచింది. "ఏం కలిపారూ?"

"నీ మాత్ర. మొన్న గుళ్ళో పులిహోర లైన్లో ఒకాయన చెప్పాడు ఆ తొక్క సంగతి. నీకు చెబితే అసలు వద్దంటావు. చెప్పకపోతే..." ఆయన పద్మజ వైపు తిరిగాడు. "ఈ మందు వేసుకుంటే కొందరికి దేవుడు కనిపించినట్టే ఉంటుందని ఆ అమ్మాయే చెప్పిందమ్మా. తీరా ఆయన ఎదురుగా వచ్చి నిలబడితే, కడుపులో అది పెట్టుకుని మా ఆవిడ ఎట్లా దణ్ణం పెడుతుంది? అందుకని మందు మజ్జిగ ఫ్లాస్కులో పోసి గిలక్కొట్టాను. రాగానే తాగిద్దామనుకున్నాను. ఈలోపల ఆ అమ్మాయి కెవ్వుమంది. ఆ టై ఆయన వచ్చి జైలు, ఫెడరలు అని అరుస్తుంటే నాకు నోరు పెగల్లేదు."

రాజేశ్వరమ్మ భర్త వైపు తిరిగింది.

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్నడక్కుండా చేసిన పని ఇదొక్కటీనూ," అంది. "అదీ కాపురంలో చిట్టచివర. పిచ్చి మనిషీ." తిట్టులాగే అన్నది కానీ చేయి చాపి ఆయన పంచె అంచు పట్టుకుంది.

పద్మజకి ఊపిరి తేలికైంది. దొంగ లేడు, దొంగతనం లేదు, మందు భద్రంగా ఫ్లాస్కులో ఉంది. పన్నెండుకి ఇంకా అరగంట. "మంచిది. ఫ్లాస్కులో మజ్జిగ ఎంతుంటుంది?"

"రెండు గ్లాసులు. అల్లం, పచ్చిమిరపకాయ, కాస్త ఇంగువ, కరివేపాకు దంచి..."

కరివేపాకు.

పద్మజ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. పసుపుపచ్చ టై మీద ఆకుపచ్చ మరక.

ఆవిడ ఆఫీసు తలుపు తోసేసరికి ఫ్లాస్కు టేబుల్ మీద శుభ్రంగా కడిగి, టిష్యూ పరిచి, బోర్లించి ఉంది. ఇంత మర్యాదగా సాక్ష్యాన్ని మాయం చేసినవాణ్ణి ఆవిడ ఇంతవరకూ చూడలేదు. శేషగిరి కుర్చీలో టై వదులు చేసుకుని విసురుకుంటున్నాడు. మొహం చెవులదాకా పండుమిరపకాయలా ఉంది.

"ఏసీ పనిచేయడం లేదు," అన్నాడు ఇంగ్లీషులో.

"ఆ మజ్జిగ తాగారా?"

"అది... తనిఖీలో భాగంగా..."

"పోయిన పొడి అందులోనే ఉంది."

శేషగిరి నోరు తెరిచాడు. ఏ భాషా రాలేదు. తరవాత వచ్చింది, నిక్షేపంలాంటి బాపట్ల తెలుగు. "ఓరి నాయనోయ్! నేను పొద్దున టిఫిను కూడా తినలేదండీ! మూత తీయంగానే వాసన కొట్టింది. అల్లంమజ్జిగ తాగి ఎన్నేళ్ళయిందో! ఒక్క గుక్క రుచి చూద్దామనుకున్నా. ఆగలేకపోయానండీ! అక్కా, ఒళ్ళంతా చీమలు పాకుతున్నయ్యి. అదిగో, గోడ ఊపిరి పీలుస్తోంది!"

"అది కర్టెను. ఏసీ గాలికి ఊగుతోంది," అంది పద్మజ. ఆయన తనకంటే రెండేళ్ళయినా పెద్దవాడన్న విషయం ఇప్పుడు ఎత్తడం భావ్యం కాదనుకుంది.

వెనకే వచ్చిన ప్రణీత వేసిన కేక విని డాక్టర్ మార్ష్ పరుగెత్తుకొచ్చింది. తెల్లజుట్టు, పొడుగాటి మనిషి. నాడి పట్టుకుంటూ ప్రణీతని అడిగి సంగతి తెలుసుకుని రెండుసార్లు "మై గాడ్" అంది. ఆ వెనకే హనుమయ్య తోసుకొస్తూంటే రాజేశ్వరమ్మ వీల్‌చెయిరూ వచ్చింది. తన మజ్జిగ ఎవరు తాగారో చూడకుండా ఉండలేకపోయింది కాబోలు.

"అమ్మా, నేను చచ్చిపోతానేమోనమ్మా," అన్నాడు శేషగిరి ఆవిడ చేయి పట్టేసుకుని. "నాకు చావంటే చచ్చేంత భయం."

ఈ మాట అనడానికి భూమ్మీద ఆయనకి ఈవిడే దొరికింది.

రాజేశ్వరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తరవాత నవ్వింది. మొదట గొంతులో, ఆ తరవాత భుజాలు కదిలేట్టు, దగ్గొచ్చేదాకా. హనుమయ్య మాల పట్టుకున్న చేత్తోనే కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ నవ్వు ఆయన విని ఎన్ని నెలలైందో.

"అదేమిటయ్యా! టికెట్టు నాది, భయం నీదీనా?" అంది రాజేశ్వరమ్మ. "కళ్ళు మూసుకో. ఈ డాక్టరమ్మ నాకు నేర్పింది చెబుతా విను. ఏదైనా భయంగా వస్తే పరిగెత్తకు. దానికేసి నడువు. 'ఎవరు నువ్వు, నాకేం చెప్పడానికి వచ్చావు' అని అడుగు. అంతే. నేనిక్కడే ఉన్నాగా."

శేషగిరి బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. రాజేశ్వరమ్మ ఆయన చేతిమీద నెమ్మదిగా తడుతూనే ఉంది. ఎవరి భయానికో కాపలా కూర్చున్న మనిషికి తన భయం సంగతి గుర్తున్నట్టు లేదు. వీల్‌చెయిర్‌లో ఆవిడ వెన్ను నిటారుగా అయింది.

పద్మజ మాత్రం శేషగిరి చెవుల్నే చూస్తోంది. ఎర్రగా ఉన్నాయి. మెడ ఎర్రగా ఉంది. చీమలు పాకుతున్నాయన్నాడు. చురుక్కుమనిపించి ఊరుకుంటుందంది ప్రణీత.

డాక్టరు మోచెయ్యి పట్టుకుని కారిడార్‌లోకి లాగింది. "అసలు మందు వేసుకున్నవాళ్ళు ఇలా ఎర్రబడతారా?"

"లేదు," అంది డాక్టర్ మార్ష్. ఆగింది. "వాళ్ళ కంటిపాపలు పెద్దవవుతాయి. ఈయనవి మామూలుగా ఉన్నాయి." కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "నువ్వనేది..."

"నేనేమీ అనను. షెష్‌గారి రూలే అంటోంది. మాత్ర మింగినవాళ్ళకి ఇబ్బంది వస్తే ఫార్మసీవాళ్ళు నోరు విప్పొచ్చట. ఇందాక మింగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఒకాయన దొరికాడు, చచ్చిపోతానేమోనంటున్నాడు. అడగండి."

డాక్టర్ మార్ష్ గోడ ఫోన్ అందుకుంది. సీసా నంబరు చెప్పింది. అవతల ఫార్మసిస్టు ఏదో అడిగాడు, ఈవిడ ఏదో చెప్పింది. పద్మజకి ఆ రెండు నిమిషాలూ పెళ్ళికొడుకు జీతం కనుక్కున్న ఏ ఫోన్‌కాల్‌లోనూ లేనంత పొడుగ్గా అనిపించాయి. ఇటు పడితే రాజేశ్వరమ్మ తాగాల్సింది శేషగిరి తాగేశాడు, ఫార్మసీ సేఫులో మిగిలింది ఉత్తుత్తిది. అటు పడితే...

డాక్టరు ఫోన్ పెట్టేసింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, పెదవుల మీద ఆపుకోలేని నవ్వు.

"విటమిన్," అంది.

"అంటే అసలుది?"

"సేఫులో. ఆవిడ పేరు రాసిన రెండో సీసా. ఎవరూ ముట్టుకోలేదు."

"మరి ఫెడరల్ ఆఫీసు?"

"విటమిన్ పోయిందంటే వాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. రహస్యం బయటపడింది కాబట్టి మా లెక్కల్లోకి ఆవిడ ఇంక పనికిరాదు. కానీ ఆవిడకి మందు పనికొస్తుంది. నా సంతకం చాలు. రేపు పొద్దున తొమ్మిదింటికి."

"తొక్క?"

"చెట్ల పీచుతో చేసిన డొల్లలు దొరుకుతాయి. ఫార్మసీలో ఇవాళే మార్పిస్తాను." డాక్టరు తల అడ్డంగా ఊపింది. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు."

పద్మజ లోపలికి వెళ్ళి ముందు ప్రణీత భుజం తట్టింది, 'నీ తప్పు చిన్నది, అదీ తీరిపోయింది' అన్నట్టు. తరవాత రాజేశ్వరమ్మ చెవి దగ్గర వంగి మొత్తం చెప్పింది. ఆవిడ కిటికీలోంచి పడుతున్న ఎండ వైపు ఒకసారి చూసింది. చెయ్యి మాత్రం శేషగిరి చేతిమీద తట్టడం ఆపలేదు.

"ఈయనకి చెప్పమంటారా?" అంది పద్మజ గొంతు తగ్గించి.

"ఇప్పుడేనా? కాసేపుండనీ. పసిపిల్లాడల్లే ఉన్నాడు," అంది రాజేశ్వరమ్మ అంతకంటే తగ్గించి.

గోడ గడియారం పన్నెండు దాటింది. బల్ల మీద ఫోన్ ఉంది. శేషగిరికి అది గుర్తే లేదు.

"అడిగావా నాయనా?" అంది రాజేశ్వరమ్మ.

"అడిగానమ్మా," అన్నాడు శేషగిరి కళ్ళు మూసుకునే, మెడ గోక్కుంటూ. "ఎంత అడిగినా ఏం మాట్లాడట్లేదు."

పద్మజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, విటమిన్ ఏం మాట్లాడుతుంది?

"పర్లేదులే," అంది రాజేశ్వరమ్మ. "రేపు నేనడుగుతాగా."